ఒక్క ఎర్రర్ కనబడకూడదు

మా బిల్డింగులో తెలివంటే నాలుగో అంతస్తుదే. కింద అంతస్తుల వాళ్ళు పాపం ఏవో యాప్‌లు రాసుకుంటారు. మేమలా కాదు, లినక్స్ కెర్నెల్‌కి డ్రైవర్లు రాస్తాం. అంటే మిషన్లో కొత్త కార్డు పెడితే, దాని మాట లినక్స్‌కీ, లినక్స్ మాట దానికీ చేరవేసే మధ్యవర్తి ప్రోగ్రామన్నమాట. సన్యాసిరావు గారు, హిమజ, నేను. ముగ్గురం ఒకేసారి లిఫ్టెక్కం. అంత తెలివి ఒకే తాడుకి వేలాడటం మంచిది కాదని సన్యాసిరావు గారే అన్నారు.

ఆమధ్య ఓ కంపెనీవాళ్ళు ఏఐ లెక్కలు గబగబా చేసే కార్డు పంపారు. ఒక్కటంటే ఒక్కటే. శుక్రవారం వాళ్ళొచ్చి ఏదడిగినా అది జవాబు చెప్పాలి. చెబితే ప్రాజెక్టు మాది. లేదా, ముగ్గుర్నీ కింద వేలిముద్రల హాజరు మిషన్ దగ్గర పడేస్తారు. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చేసింది.

మా అనసూయ మేడం బెంగళూరు వెళ్తూ చెప్పారు: "కార్డు ఏం చెబుతోందో ఆ లాగ్ మొత్తం చదవండి. చివరిదాకా చదివాకే కోడు ముట్టుకోండి."

అంతే, కూర్చున్నాం. మేం ఒక లైను చదివేలోపు కార్డు పది రాస్తోంది. రెండు రోజులైంది.

"చివర వచ్చిందా అమ్మా?" అన్నారు సన్యాసిరావు గారు.

"పొద్దుటికంటే ఇంకా దూరం పోయింది సార్," అంది హిమజ.

భయమేసి మేడంకి ఫోన్ చేశాను. "అన్నీ ఎర్రర్లే మేడం!"

"అదంతా నాకు తెలీదు. నేనొచ్చేసరికి ఒక్క ఎర్రర్ కనబడకూడదు!"

ఇంకేముంది! డ్రైవర్ తెరిచి, ఎర్రరొచ్చిందని చెప్పే లైన్లన్నీ బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరి పారేశాను. స్క్రీను తళతళలాడిపోయింది. ఈలోగా హిమజ ఇంకేదో లైను మార్చింది. ఏ లైనో తనకీ తెలీదు. కార్డు మాత్రం జవాబులు చెప్పడం మొదలెట్టింది! ముగ్గురం గంతులేశాం.

గంతులయ్యాక చూస్తే కార్డు సెగలు కక్కుతోంది. వేడెక్కిందని చెప్పే లైను కూడా నేనే పీకేశాను మరి. మళ్ళీ మేడంకి ఫోన్.

"చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపేయండి," అన్నారావిడ.

సన్యాసిరావు గారు పెట్టి చూశారు. ఆయన చిన్నప్పట్నుంచీ వాళ్ళమ్మ బజ్జీల బండి దగ్గర కాగే నూనె పక్కన పెరిగిన మనిషి. "నేను పెట్టగలుగుతున్నాగా! నడవనీ," అన్నారు.

కార్డు మీది స్టిక్కరు అప్పడంలా ముడుచుకుపోయింది.

"సార్, మాడు వాసనొస్తోంది," అన్నాను.

"వాసన సంగతి మేడం ఏం చెప్పలేదుగా," అంది హిమజ. నిజమే, చెప్పలేదు.

శుక్రవారం రానే వచ్చింది. మేడం కంపెనీ పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చారు. ఆయన కుర్చీ లాక్కుని, పులిహోర ఎలా కలపాలో చెప్పమన్నాడు. కార్డు అందుకుంది! అన్నం ఆరబెట్టింది, చింతపండు పులుసు ఉడికించింది, ఇంగువ పోపు దాకా వచ్చేసింది. పెద్దాయన గుటకలు మింగుతున్నాడు. నేను హాజరు మిషన్ బెంగే మర్చిపోయాను.

మేడం మొహం వెలిగిపోయింది. "సన్యాసిరావు గారూ, కార్డు ఒకసారి సార్‌కి చూపించండి!"

అంతే. ఆయన మిషన్ మూత తీసి, నడుస్తున్న కార్డుని పుటుక్కున పీకి, పెద్దాయన చేతిలో పెట్టారు.

స్క్రీను నల్లబడిపోయింది. పెద్దాయన "అబ్బా!" అని దాన్ని కింద పడేశాడు. ఆయన బజ్జీల బండి దగ్గర పెరగలేదు కదా.

సన్యాసిరావు గారు మాత్రం స్క్రీను వంకే చూపించారు. "చూడండి మేడం, ఒక్క ఎర్రర్ కనబడుతోందేమో!"

సోమవారం హాజరు మిషన్ దగ్గర పడ్డాం. దాని మీద 'వేలు ఇక్కడ ఉంచండి' అని రాసుంది. పొద్దున్న తొమ్మిదింటికి ముగ్గురం మూడు వేళ్ళూ ఇరికించి ఉంచాం. సాయంత్రమైంది. వెనక ఆఫీసంతా వరస కట్టి తిడుతోంది. తియ్యమని మాత్రం మిషన్ ఇంకా చెప్పలేదు.