పారేసిన తాటాకులు

ఆస్థానకవి చదివిన కావ్యం తనదేనని కవులశాలలో ఉండే బాచన అనే పేదకవి నిండుసభలో లేచి చెప్పిన రోజు నుంచి, ఆ రాజ్యంలో ఏ కవి మాటనూ ఎవరూ నమ్మడం లేదు. విచారణలో ఆస్థానకవి, "ప్రభూ, కవులశాల ఊడ్చే పైడమ్మే నేను రాసిన ఆకులు ఎత్తుకెళ్లి ఇతనికిచ్చింది" అన్నాడు.

దొంగతనం రుజువైతే పైడమ్మ చేతులు నరికిస్తారు. అయినా ముందుకొచ్చి నోరు విప్పింది.

"దొరా, కవులు తప్పు రాసి పారేసిన ఆకులే నా పొయ్యిలోకి. ఏడాదిగా ఈ బాచన బాబు గదిలో తట్టలకొద్దీ దొరికాయి. అయ్యగారి గదిలో ఒక్కటీ దొరకలేదు. నూరాకుల కావ్యం ఒక్క తప్పూ పోకుండా ఎలా రాశారో మరి."

రాజు ఆస్థానకవి వైపు తిరిగాడు. "రాసి, బాగాలేదని పారేసిన పద్యం ఒక్కటి చదవండి."

ఆస్థానకవి తల వంచుకున్నాడు. బాచన మాత్రం రాజు చాలనేదాకా చదువుతూనే ఉన్నాడు.

"ఇకపై ప్రతి కవీ కావ్యంతో పాటు పారేసిన ఆకులూ సభకు తేవాలి" అన్నాడు రాజు. "పైడమ్మా, నీకేం కావాలి?"

ఆమె చేతులు జోడించింది.

"కట్టెలు ఇప్పించండి దొరా. రేపట్నుంచి నా పొయ్యికి ఒక్క ఆకూ మిగలదు."