పాదరసం నూరిన చేతులు

సోమలింగం మూడేళ్లుగా కొండ మీది మఠంలో పాదరసం నూరుతున్నాడు. తలుపులు బిగించిన గదిలో, రాతి కల్వంలో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. గురువు చెన్నమల్లయ్య గారి దగ్గర రసవిద్య నేర్చుకోవాలంటే అదొక్కటే దారి. ఆ గదిలోకి ఆడవాళ్లు అడుగు పెట్టకూడదని మఠం కట్టడి.

ఈ మధ్య అతనికి మనుషుల ముందుకు రావాలంటే సిగ్గు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒళ్లంతా చెమటలు. కారణం లేని కోపం, వెంటనే ఏడుపు. నిన్నటి పాఠం ఇవాళ గుర్తుండదు. చేతులు సన్నగా వణుకుతాయి.

"విద్య పట్టుబడుతోందిరా నీకు! లోకమంటే విరక్తి, ఒంట్లో వణుకు, ఇవే గుర్తులు" అన్నారు తోటి శిష్యులు. కొందరు కుళ్లుకున్నారు కూడా. పాపం, సోమలింగం ఒక పూట పొంగిపోయేవాడు, ఒక పూట హడలిపోయేవాడు.

ఆ రోజు వంట చేసే డెబ్బై ఏళ్ల భీమక్క "గంజి తాగినావా నాయనా?" అని అడిగింది. అంతే. తన చేతిలోని గంజి ముంత ఆవిడ మీదికి విసిరాడు.

తర్వాత వెళ్లి గురువు కాళ్ల మీద పడ్డాడు.

"స్వామీ, కన్నతల్లిలా చూసే మనిషి మీదికి గంజి ముంత విసిరాను. ఎందుకు విసిరానో నాకే తెలీదు. ఇది సిద్ధి గుర్తా, పిచ్చా? పిచ్చయితే ఇప్పుడే చెప్పండి, నేను పూర్తిగా చెడిపోకముందే."

గురువు లేచారు. అతన్ని వెంటబెట్టుకుని వసారాలోకి వెళ్లారు. అక్కడ భీమక్క బొంత కుట్టుకుంటోంది. ఆవిడ దగ్గర సూదీ దారం తీసుకుని సోమలింగానికిచ్చి, "ఎక్కించు" అన్నారు.

దారం సూది బెజ్జం చుట్టూ తిరిగిందే తప్ప లోపలికి పోలేదు. అతనికి కళ్లనీళ్లు వచ్చాయి.

"ఇలా తే" అని గురువు తీసుకున్నారు.

ఆయన చేతులు ఇంకా ఎక్కువగా వణికాయి. రెండుసార్లు సూది కింద పడింది.

"ఇట్లియ్యండి సామీ, మగోళ్లకెందుకీ పని?" అని భీమక్క నవ్వింది. దారం కొస నోట్లో తడిపి ఒక్కసారికే ఎక్కించి, మళ్లీ కుట్టులో పడిపోయింది.

గురువు ఆవిడ వేళ్లకేసి చూస్తూ నిలబడిపోయారు.

"నలభై ఏళ్లుగా మనం తిన్నదే తింటోంది. మనం తాగే నీళ్లే తాగుతోంది. ఆ గదిలోకే రాలేదు."

"అయితే స్వామీ, ఈ వణుకు..."

"మా గురువు గారి చేతులూ వణికేవి" అన్నారాయన. "మేం వాటికి మొక్కాం."