వెలుగు ఎవరి వైపు

కడపలో దస్తగిరి ఉస్తాద్ దగ్గర స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకుంటున్న సోమలింగానికి ఆ వారం కాలు నేల మీద నిలవడం లేదు. నిలవకపోవడానికి కారణం ఉంది. అతని చేతిలో అగ్గిపెట్టెంత లేబుల్ ఒకటుంది. దాన్ని కొంచెం వంచితే చాలు, మగ్గంలో నాడె పోయినట్టు ఒక వెలుగు గీత ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతుంది. వెనక్కి వంచితే తిరిగొస్తుంది.

ఆ ఇంకులో కంటికి ఆనని మెరుపు పొలుసులు ఉంటాయి. అయస్కాంతం మాట వినే పొలుసులు. ఇంకు తడిగా ఉండగానే కింద అయస్కాంతం పెడితే అవన్నీ లేచి, అది లాగిన వైపుకు వాలతాయి. ఆ క్షణాన యూవీ లైటు వేస్తే ఇంకు గట్టిపడి, వాలినవి వాలినట్టే ఉండిపోతాయి. చెప్పడానికి ఇంతే. చేయబోతే కదా తెలిసేది! అయస్కాంతం వెంట్రుకంత జరిగిందా, వెలుగు బూడిదలా చెదిరిపోతుంది. ఇంత సాఫీగా పరుగెత్తే గీత ఉస్తాద్ చేతికి కూడా ఎప్పుడూ రాలేదు. పని చేతనైనవాడికి గర్వం రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

లేబుల్ అడిగింది నేతన్నల సంఘం. మరమగ్గాల మీద నేసిన చీరల్ని వీళ్ళ చీరలని చెప్పి అమ్మేస్తున్నారు. అసలు చీరకు ఒక గుర్తు ఉంటే, కొనేవాళ్ళు కంటితోనే పోల్చుకుంటారని వాళ్ళ ఆశ. సోమవారం సంఘమంతా కూర్చుని లేబుల్ చూస్తుంది. ఆ సంఘంలో సోమలింగం వాళ్ళమ్మ నాగమ్మ కూడా ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఆమెను మగ్గం గుంటలోనే చూశాడు. అందరి ముందూ నిలబడి "ఇది నేను చేసినా" అనాలని, అది అమ్మ వినాలని అతని కోరిక. కానీ పని చూపించడానికి ఎప్పుడూ పోయేది ఉస్తాదే.

అందుకే షాపుకు ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు. "ఇట్లా రా అన్నా, ఇదొకసారి చూడు!" టీ తెచ్చిన మస్తాన్ చూశాడు. పక్కనున్న ఫ్లెక్సీల షాపాయన చూశాడు. పెళ్ళికార్డుల కోసం వచ్చినవాళ్ళు సొంత కార్డుల సంగతి మరిచి చూశారు. "ఓరి నీ పాసుగాల, దీంట్లో కరెంటు పెట్టినావా ఏంది!" అన్నాడు మస్తాన్.

ఆ సాయంత్రం సోమలింగం ఇక ఆగలేకపోయాడు.

"ఉస్తాద్, సోమవారం నేను పోయి చూపిస్తా. నేను చేసిందే కదా. ఏమన్నా తప్పుంటే చెప్పండి."

ఉస్తాద్ తప్పు ఉందనలేదు, లేదనలేదు. నమూనాకని సంఘం ఇచ్చిన చీర తీశాడు. సూదీ దారం తెచ్చి, మడత అంచుకు లేబుల్‌ను తనే నాలుగు కుట్లు వేశాడు. కుట్టడానికి వదిలిన ఖాళీ లేబుల్‌కు ఒక పక్కనే ఉంది, తిప్పి కుట్టడానికి లేదు. ఆ తర్వాత చాప పరిచి ఒక కొసన కూర్చున్నాడు.

"సోమా, నువ్వు బట్టల కొట్టు సేటువి. నేను చీర కొననీకొచ్చినా. చూపించప్పా."

సోమలింగానికి నవ్వొచ్చింది. సరదాపడి సేటులా మఠం వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. సేట్లు పట్టుకున్నట్టే మడత అంచు వేళ్ళ మధ్య పట్టుకుని, లేబుల్‌ను ఆయన ముందుకు చాపాడు.

"అసలైన చేమగ్గం చీర! నమ్మకం లేకపోతే ఈ గుర్తు చూడండి. ఇదో, వెలుగు ఎట్లా పోతాందో!"

"యాడ?"

"ఇదో ఉస్తాద్, ఇప్పుడే ఆ కొసకు పోయింది."

"నల్లగా ఉంది నాయనా."

సోమలింగం మళ్ళీ వంచాడు. వెలుగు నిక్షేపంగా పరుగెత్తింది.

"నల్లగానే ఉంది," అన్నాడు ఉస్తాద్.

సోమలింగానికి ఒళ్ళు మండింది. ఊరంతా చూసి మెచ్చుకున్న పనిని ఈయన ఒప్పుకోడా? "కంటి ఆపరేషన్ అయినప్పట్నుంచి మీకు..." అని నోరు జారి, నాలుక కరుచుకున్నాడు.

ఉస్తాద్ కోపగించుకోలేదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. సోమలింగం చేతిలోని చీర తీసుకుని, రెక్క పట్టి లేపి, తను కూర్చున్న చోట అతన్ని కూర్చోబెట్టాడు. సేటు స్థానంలో తను కూర్చున్నాడు. అదే అంచు పట్టుకుని, అదే తీరున వంచాడు.

సోమలింగం చూశాడు. మసిబట్ట ముక్కలాంటి నల్లటి పట్టీ. గీత లేదు, మెరుపు లేదు. ముందుకు వంగి చూశాడు, కళ్ళు నులుముకుని చూశాడు. ఏమీ లేదు. పొలుసులన్నీ అంచు పట్టుకున్నవాడి వైపే మొహం పెట్టుకుని వాలి ఉన్నాయి.

"అందరూ బాగుందన్నారు కదా ఉస్తాద్..." అన్నాడు సోమలింగం.

"వాళ్ళు యాడ నిలబడి చూసినారప్పా?"

సోమలింగం చెయ్యి తనంతట తానే పోయి భుజం తడుముకుంది. మస్తాన్ గడ్డం ఆనించి చూసింది ఆ భుజం మీదే; అందరూ తన పక్కన నిలబడే చూశారు. ఈ లేబుల్ పట్టుకుని సంఘానికి పోయి ఉంటే? అమ్మ ముందు నిలబడి, తనకొక్కడికే కనపడే వెలుగును చూడండి చూడండని అరిచి ఉంటే? తలుచుకుంటేనే సిగ్గుతో చెమట పట్టింది.

మరునాడు పొద్దున్నే షాపు తెరిచి అయస్కాంతాన్ని అవతలి వైపుకు తిప్పాడు. ఇప్పుడు తను నిలబడిన చోటుకు తన పని కనపడదు. ఒక్కో అచ్చు వేయడం, బల్ల చుట్టూ తిరిగి అవతలికి పోయి చూడడం, మళ్ళీ ఇవతలికి రావడం. ఎన్ని లేబుళ్ళు పాడుచేశాడో! మస్తాన్ తెచ్చిన టీ అట్లాగే చల్లారిపోయింది. ఎవర్నీ పిలవలేదు.

మధ్యాహ్నానికి కొత్త లేబుల్‌ను చీరకు కుట్టి చాప మీద కూర్చున్నాడు. ఉస్తాద్ ఎదురుగా కూర్చున్నాడు. సోమలింగం అంచు పట్టుకుని వంచాడు. తన వైపు నలుపే. ఒక్కసారి తిప్పి చూసుకోవాలని చెయ్యి గుంజింది. తిప్పలేదు. లేబుల్ మీంచి చూపు తీసి ఉస్తాద్ మొహంలోకి చూశాడు.

ముసలాయన చూపు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఆగింది. మళ్ళీ తిరిగొచ్చింది.

"శభాష్!" అని ఉస్తాద్ తొడ చరిచాడు. ఆయన నోట ఆ మాట వినడం షాపుకే కొత్త. "ఓ మస్తాన్, ఇట్లా రా! ఆ పక్కకు కాదప్పా, నా పక్కకు రా. మావాడు ఏం చేసినాడో చూడు!" అని వీధిలోకి కేకేశాడు.

సోమలింగం తల వంచుకుని చీర మడతపెట్టాడు.

"సోమవారం పొద్దున మీకు ఆటో చెప్పమంటారా, ఉస్తాద్?"

"నాకెందుకు? నువ్వు పో," అన్నాడు ఉస్తాద్. "మీ అమ్మను ఎదురుగా కూచోబెట్టుకో."