సిద్ధక్క కోసం తీసిన రాయి

ఎప్పటి మాటో చెప్పేవాళ్లు లేరు. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది, మా అవ్వ నాకు చెప్పింది. మీరు ఊఁ కొడితే నేను మీకు చెబుతాను.

బండలపట్నమని ఒక పట్నం. అక్కడ అందరూ రాళ్లు కొట్టేవాళ్లే. వాళ్లకు సంతోషమొచ్చినా రాయే, దుఃఖమొచ్చినా రాయే. వీధులన్నీ బండలు పరిచి, ఎండాకాలంలో కాళ్లు కాలి వాళ్లే గంతులు వేసేవాళ్లు.

ఆ పట్నంలో సిద్ధక్క ఇంటింటికీ నీళ్లు మోసేది. కడవ అడుగున మిగిలిన నీళ్లు పారబోయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. ఒక వీధిలో బండల సందున మన్ను చూసి వేప నాటింది. ఒక వీధిలో కానుగ నాటింది. ఇంకో వీధిలో చింత నాటింది. రోజూ మిగిలిన నీళ్లు పోసి, "తాగు తల్లీ" అనేది. చెట్లు పెరిగాయి. వీధుల్లో నీడ పడింది, చల్లగాలి తిరిగింది. మజ్జిగ అమ్మేవాళ్లు, చంటిబిడ్డల తల్లులు, ముసలివాళ్లు అందరూ ఆ నీడకే చేరారు.

అప్పుడు పట్నంవాళ్లు ఒక ఆచారం పెట్టుకున్నారు. ఎవరు పోయినా పేరు చెక్కి ఒక బండ చెట్టు కింద పరిచేవాళ్లు, పోయినవాళ్లు నీడన ఉంటారని. మొదలుకు ఎంత దగ్గరైతే అంత గౌరవం. వేప చుట్టూ బండలు నిండాయి. సిద్ధక్క పోసిన నీళ్లు జారి కాలువలో పడ్డాయి. వేప ఎండింది. కానుగ చుట్టూ బండలు నిండాయి. నీళ్లు జారిపోయాయి. కానుగ కూడా ఎండింది. చింత మొదలు దగ్గర మాత్రం జానెడు మన్ను మిగిలింది.

అంతలో సిద్ధక్క ముసలిదై మంచాన పడింది. రాళ్ల మేస్త్రి బండెన్నకు ఆమంటే ప్రాణం. ఆమె పేరు చెక్కి, నున్నటి బండ ఒకటి చూపించడానికి తెచ్చాడు. బతికున్న మనిషికి అలాంటిది చూపిస్తారా అని నవ్వకండి, వాళ్ల ప్రేమ అలాంటిది.

"ఇది ఏడ పరుస్తావు నాయనా?"

"చింత మొదట్లోనే అక్కా. ఆ చోటు నీకు గాక ఇంకెవరికిస్తాం?"

సిద్ధక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెట్టు నీళ్లు తాగే నోరు అదొక్కటే మిగిలుండాది. నా పేరుతో దాన్ని మూస్తావా?"

"మరి నీ గుర్తు మాకుండొద్దా?"

"అందరికీ ఒక రాయి పరిచినారు. నాకోసం ఒక రాయి తీయండి."

అదే ఆమె ఆఖరి మాట.

పట్నమంతా చింత కింద చేరింది. రాయి తీయాలి, సరే. ఎవరి రాయి? ఒకామె తల్లి బండ మీద కూర్చుంది, లేవలేదు. ఒకామె మగని బండ మీద చెయ్యేసింది, తీయలేదు. ఒకాయన బిడ్డ బండను చూసుకుని ఏడ్చాడు. పైనుంచి చింతాకు రాలుతూనే ఉంది.

బండెన్న గడ్డపార తీసుకుని మొదలు దగ్గరికి వెళ్లాడు. అక్కడున్నది వాళ్ల నాయన బండ.

"నాయనా, రవ్వంత పక్కకు జరుగు. చెట్టుకు దప్పికైతాంది" అని ఏడుస్తూనే లేపాడు.

అది చూసి, మగని బండ దగ్గరున్నామె కళ్లు తుడుచుకుంది. "మా ఆయన్ను గూడా జరుపన్నా" అంది. తరవాత ఎవరూ ఆగలేదు. తీసిన బండలను నీడ అంచున అరుగులుగా వేశారు. సిద్ధక్క పేరు చెక్కిన బండను మాత్రం ఎక్కడా పరచలేదు. వాన కురిసి మన్ను తడిసింది. చింత చిగిర్చింది.

ఇప్పటికీ ఆ పట్నంలో ఎవరైనా పోతే, ఇంటి ముందు ఒక బండ లేపి మొక్క నాటుతారు. ఆ మొక్క చుట్టూ వదిలిన మన్నును సిద్ధక్క దోసిలి అంటారు. దాన్ని ఎవరూ తొక్కరు. చెంబులో నీళ్లు మిగిలితే అందులో పోసి, "తాగు సిద్ధక్కా" అంటారు.

ఆమె పేరు చెక్కిన బండ ఎక్కడుందని కొత్తవాళ్లు అడిగితే, ఆ ఊరివాళ్లు నవ్వుతారు. "ఆమె నీడలో నిలబడే అడుగుతాండావు గదప్పా" అంటారు.