గుండ్రటి ముక్కలు

పైడిరాజుకి వచ్చిన కష్టం ఒక అంకె. ఐదేళ్ళు ఒళ్ళు వంచి పనిచేస్తే, చివరికి అతను తేల్చిన అంకె తన గురువుగారి అంకెలో సగం దగ్గర ఆగిపోయింది.

గురువుగారంటే దయానందం గారు. కొండ మీదున్న ఆ అబ్జర్వేటరీలో ముప్ఫై నాలుగేళ్ళుగా ఉంటున్న మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం ఆయన ఒక పెద్ద గెలాక్సీల గుంపు ఎంత బరువుంటుందో కొలిచి చెప్పారు. ఆ ఒక్క అంకెతో ఆయన పేరు దేశాలు దాటింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. కొత్త టెలిస్కోపు తీసిన ఫొటోలు చేతికి రాగానే అదే గుంపుని మళ్ళీ కొలవమని పైడిరాజుకి అప్పగించిందీ ఆయనే.

గెలాక్సీల గుంపుని తూచడానికి తక్కెడ లేదు. దానికి వెనకాల, ఇంకా ఎంతో దూరంలో, వేల గెలాక్సీలున్నాయి. వాటి వెలుగు మన దాకా వచ్చే దారిలో గుంపు పక్కనుంచి పోతూ, దాని బరువుకి వంగుతుంది. దాంతో ఆ వెనకవన్నీ గుంపు చుట్టూ కాస్త సాగినట్టు కనిపిస్తాయి. ఎంత సాగితే గుంపు అంత బరువన్నమాట. వచ్చిన చిక్కేమిటంటే, గెలాక్సీలు పుట్టుకతోనే ఒక్కోటీ ఒక్కో తీరున ఉంటాయి. కోలగా ఉన్నది గుంపు బరువుకి సాగిందో, దాని అసలు రూపమే అంతో ఒక్కదాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. మూడు వేలు పోగేసి సగటు తీస్తే గాని సంగతి బయటపడదు.

కంటికి ఆశ ఎక్కువ, చూడాలనుకున్నదే చూస్తుంది. అందుకని అక్కడ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. దాన్ని వాళ్ళు మూత అంటారు. లెక్క మొదలుకాక ముందే దయానందం గారు తనకొక్కరికే తెలిసిన అంకె ఒకటి కలిపి కొలతలన్నీ మార్చి ఇస్తారు. ఏ గెలాక్సీని ఉంచాలి, దేన్ని పారెయ్యాలి అన్నది శిష్యుడు ఆ మూత కిందే తేల్చి, రాసి, సంతకం పెట్టాలి. అప్పుడు ఆయన మూత తీస్తారు. తీశాక వచ్చింది వచ్చినట్టే ఒప్పుకోవాలి తప్ప దేన్నీ ముట్టుకోకూడదు.

జూన్ నెలాఖరున మూత తీశారు. సగం వచ్చింది. పోనీ, సగం మీద కాస్త ఎక్కువ.

అప్పటికే కొండ మీద వాన పట్టుకుంది. వానాకాలమంతా గుమ్మటం మూసేస్తారు, టెలిస్కోపుకి పనుండదు. పైడిరాజుకి మాత్రం తిండి సయించలేదు. పదిహేను రోజుల్లో ఒక పెద్ద సంస్థలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ముప్ఫై ఐదు నిండితే ఇంక అటువంటి ఉద్యోగాలకి పిలవరు. అతనికి సెప్టెంబరులో నిండుతాయి. గురువుగారి అంకెలో సగం పట్టుకొచ్చినవాణ్ణి చూసి ఆ గదిలో పెద్దలేమనుకుంటారు? వీడికి కొలవడం చేతకాలేదనుకుంటారు. నిజం చెప్పాలంటే అతనూ అదే అనుకున్నాడు.

మూడు వేల ఫొటోలూ మళ్ళీ తిరగేశాడు. ఒక గెలాక్సీ అంచు చిరిగినట్టుంది. ఒకదాని మీద పక్క నక్షత్రం వెలుగు పడింది. ఒకటి అసలు గెలాక్సీయో కాదో తెలియదు. ఇలాంటివి రెండు వందల పన్నెండు దొరికాయి. ప్రతిదాని పక్కనా ఎందుకు పనికిరాదో కారణం రాసి, తీసేసి, మళ్ళీ సగటు కట్టాడు. అంకె లేచి వెళ్ళి గురువుగారి అంకె పక్కన నిలబడింది. పైడిరాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే కాగితాలు తీసుకుని దయానందం గారి గదికి వెళ్ళాడు.

"మూత తీశాక ముట్టుకోకూడదని నాకు తెలుసు సార్. కానీ తప్పు కళ్ళబడ్డాక దిద్దకపోతే అదీ తప్పే కదా?"

ఆయన కాగితాలు ఒక్కొక్కటే చూశారు. కోప్పడలేదు. మెచ్చుకోనూ లేదు. చివర ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎల్లుండి మధ్యాహ్నం రా నాయనా" అన్నారు.

ఆ రెండు రోజులూ పైడిరాజు నానా యాతన పడ్డాడు. తిడితే పడేవాడు, మెచ్చుకుంటే పొంగిపోయేవాడు. ఏమీ అనకపోవడం అతనికి నచ్చలేదు.

మూడో రోజు వెళ్ళేసరికి బల్ల మీది పుస్తకాలన్నీ కింద పేర్చి ఉన్నాయి. బల్ల మధ్యలో అప్పచ్చుల్లా పోసిన గుండ్రటి కాగితం ముక్కలు. ఒక్కో ముక్కలో నల్లటి ఆకాశం, నట్టనడుమ ఒక మసక గెలాక్సీ. పక్కన దర్జీలు వాడే పెద్ద కత్తెర. దయానందం గారి బొటనవేలికి, చూపుడువేలికి ప్లాస్టర్లు వేసి ఉన్నాయి. అరవై మూడేళ్ళ మనిషి రెండు రోజులు కూర్చుని నాలుగు వందల పైచిలుకు ముక్కలు కత్తిరించారు.

"ఏటి సార్ ఇది?" అన్నాడు పైడిరాజు. కంగారు పడితే అతని నోట బొబ్బిలి మాట వచ్చేస్తుంది.

"నువ్వు పారేసినవి రెండు వందల పన్నెండు. ఉంచినవాట్లోంచి మరో రెండు వందల పన్నెండు తీసి కలిపాను. మంచివి ఇటు పెట్టు, పనికిరానివి అటు పెట్టు."

పైడిరాజు కూర్చున్నాడు. మొదటి ముక్క చేతిలోకి తీసుకుని అలవాటు కొద్దీ నిటారుగా పట్టుకోబోయాడు. గుండ్రంగా ఉన్నదానికి పైనేది, కిందేది? గుంపు దీనికి ఏ దిక్కున ఉందో తెలిసే దారి లేదు. ఉన్నదల్లా గెలాక్సీ ఒక్కటే. అది బాగుందో లేదో చూడటం తప్ప వేరే పని లేదు.

రెండు గంటలు పట్టింది. దయానందం గారు కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తూ ఉండిపోయారు. గ్లాసులో టీ చల్లారిపోయింది.

"అయింది సార్."

"వెనక్కి తిప్పు. నంబర్లుంటాయి. నీ జాబితాతో నువ్వే సరిచూసుకో."

ముక్కల వెనక పెన్సిల్‌తో రాసిన నంబర్లున్నాయి. పైడిరాజు ఒక్కొక్కటే తిప్పుతూ జాబితాలో గీత పెడుతూ వచ్చాడు. మొదట చేయి చకచకా ఆడింది. యాభై దాటాక నెమ్మదించింది. తను పారేసిన రెండు వందల పన్నెండులో ఇప్పుడు పనికిరానివాటిలోకి వెళ్ళినవి పందొమ్మిది. తక్కిన నూట తొంభై మూడూ మంచివాటి కుప్పలో ఉన్నాయి. తన చేత్తో తనే పెట్టాడు.

అందులో ఒక ముక్క తీశాడు. నంబరు పదకొండు వందల ఎనభై ఏడు. దాని పక్కన మొన్న 'అంచు చిరిగింది' అని రాసుకున్నాడు. అంచు శుభ్రంగా ఉంది. కంప్యూటర్ తెరిచి అసలు ఫొటోలో దాని చోటు వెతికాడు. అక్కడ ఆ గెలాక్సీ గుంపు వైపు ముక్కు పెట్టి నిలువుగా ఉంది. గుంపు చుట్టూ సాగినవాటికి అడ్డం తిరిగి, సగటుని కిందికి లాగే రకం. చేతిలో ముక్కని పావు చుట్టు తిప్పి చూశాడు. ఇప్పుడది గుంపు చుట్టూ సాగినట్టుంది. ఇలా ఉండి ఉంటే తన కంటికి దాని అంచు చిరిగినట్టు కనిపించేది కాదని అతనికి తెలిసిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి ఇంకో పది వెతికాడు. అన్నీ ఆ రకమే.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"కావాలని చెయ్యలేదు సార్."

"తెలుసు. కావాలని చేసేవాడివైతే నాకు ఇంత కత్తిరించే పని ఉండేది కాదు. ఒక్క మాటతో పోయేది."

"అయితే ఇంటర్వ్యూకి ఆ సగమే పట్టుకెళ్ళాలి."

"ఊఁ."

"ఉద్యోగం రాదు సార్."

"రాకపోవచ్చు" అన్నారు దయానందం గారు.

పైడిరాజు ఆ రెండు వందల పన్నెండింటి జాబితాని నాలుగు మడతలు పెట్టి చించాడు. మూత తీసిన రోజున సంతకం పెట్టిన కాగితం ఫైలులోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. అందులో ఉన్న అంకెని చూస్తూ కూర్చున్నాడు. అది నిజంగా వచ్చిన అంకె. కొలత తప్పలేదు, చేయి వంకర పోలేదు. మరి గుంపు బరువు ఇదే అయితే?

ఆ ఆలోచన ఇరవై ఎనిమిదేళ్ళుగా పుస్తకాల్లో ఉన్న అంకె తప్పేమోనన్న వైపు వెళుతోంది. అడగకూడదనుకున్నాడు. అయినా నోరు ఊరుకోలేదు.

"సార్... అప్పట్లో మీరు గెలాక్సీలని ఎలా ఏరారు?"

"కంటితో. ఫొటోలు ముందేసుకుని, ఒక్కొక్కటీ చూసి."

"మూత?"

"మూత నేను తర్వాత పెట్టాను."

ఎందుకు పెట్టారని పైడిరాజు అడగలేదు. ఆయన ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్న మనిషి.

దయానందం గారు బీరువా తెరిచి, అడుగునుంచి తాడు కట్టిన, ఇరవై ఎనిమిదేళ్ళ నాటి ఫొటోల కట్ట తీశారు. తాడు విప్పడానికి ప్లాస్టర్ల వేళ్ళతో కాసేపు అవస్థ పడ్డారు. విప్పి, కట్టని పైడిరాజు ముందు పెట్టి, కత్తెర అతని చేతికిచ్చారు. గుండ్రటి ముక్కలన్నీ పక్కకి నెట్టి, ఇందాక శిష్యుడు కూర్చున్న కుర్చీ లాక్కుని తను కూర్చున్నారు.

"అప్పుడు నాకెవరూ కత్తిరించి పెట్టలేదు నాయనా. నువ్వు పెట్టు, నేను ఏరతాను."