చదివానన్న కొండముచ్చు

ఇప్పచెట్ల కోనలో జంతువులకు ఒక కాపలా గుడిసె, అందులో ఒక కంప్యూటర్ ఉండేవి. రేపు ఏ గుంపు ఎక్కడ మేస్తుందో, ఏ దారిలో ఎవరు కాపలా కాస్తారో రోజూ సాయంత్రం అందులో ఎక్కించేవాడు కొండముచ్చు గవరయ్య. కోన మొత్తానికి మీటలు నొక్కడం వచ్చినవాడు తానేనని అతనికి గట్టి నమ్మకం. ఎదుటివాళ్ళు ఆ సంగతి మరిచిపోతారేమోనని రోజుకోసారి గుర్తు చేస్తుండేవాడు కూడా.

ఒకనాడు ఆ కంప్యూటర్‌ను నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మొరాయించింది. పెద్ద ఏనుగు గజాలమ్మ సభ పెట్టింది.

"ఓపెన్ సోర్స్‌వి రెండున్నాయట. లోపలి కోడ్ ఎవరైనా విప్పి చదువుకోవచ్చట. ఏది పెట్టుకుందాం?"

తాబేలు తాత తెచ్చినదాని పేరు నాపరాయి. చూపుకు మోటు. కానీ పదిహేనేళ్ళుగా పది కోనలవాళ్ళు చదివి, తప్పులు దిద్దుకుంటూ వస్తున్నది. రెండోదాని పేరు మెరుపు. మాంసం మానేసి ఇప్పపూలతో బతుకుతున్నానని చెప్పుకునే నక్క జంబన్న దాన్ని తెచ్చాడు.

"వారం గడువివ్వండి. రెండూ అక్షరం అక్షరం చదివి చెబుతా" అన్నాడు గవరయ్య.

మర్నాడు మెరుపు కోడ్ తెరిచాడు. లక్షల వరుసలు! పది వరుసలకే కళ్ళు తిరిగాయి. ఆ పదింటిలోనూ ఆరు అర్థం కాలేదు. "నాకు రాదు తాతా, నువ్వొచ్చి కూర్చో" అంటే సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు.

అంతలో జంబన్న తోక ఊపుకుంటూ వచ్చాడు.

"అన్నా, అంత పండితుడివి, నీకెందుకీ తిప్పలు? దాచుకునేవాడైతే తలుపు మూస్తాడు. నేను బార్లా తెరిచి పెట్టాను. తెరిచిన ఇంట్లో దొంగతనమేముంటుంది?"

అని మీట నొక్కాడు. తెర మీద రంగులు చిమ్ముకుంటూ గవరయ్య బొమ్మే ప్రత్యక్షమైంది, కింద 'కోన పండితుడు' అని. గవరయ్య ఆ బొమ్మ వంక చూస్తూ ఉండిపోయాడు.

వారం తిరిగాక సభలో నిలబడి, "ప్రతి అక్షరం చదివాను. మెరుపే మేలు" అన్నాడు.

తాబేలు తాత మెల్లగా మెడ చాచాడు. "మన కాపలా పట్టీ అది బయటికెక్కడికైనా పంపుతుందేమో చూశావా నాయనా?"

గవరయ్య ఆ సంగతి చూడనే లేదు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి గట్టిగా నవ్వాడు. "నీ నడకలాగే ఉంది తాతా నీ ప్రశ్న. నేను చదివేశాక వచ్చింది!"

సభంతా నవ్వింది. తాత మెడ లోపలికి లాక్కున్నాడు.

పది రోజులు గడిచాయి. ఒక ఉదయం పడమటి దారిలో కౌజుపిట్ట బుడ్డమ్మ పిల్లలు రెండు కనబడలేదు. ఈకలు మాత్రం దొరికాయి. రోజూ ఆ దారి కాసే ముళ్లపంది పోలయ్య నిద్రపోయి ఉంటాడని, అతని మాట వినకుండానే అందరూ మీద పడ్డారు. సాయంత్రంలోగా కోన విడిచి పొమ్మంది గజాలమ్మ.

పోలయ్య గుడిసెకు వచ్చాడు. "గవరయ్యన్నా, ఇవాళ నన్ను తూర్పు దారికి వేసింది నువ్వే కదా. పడమటి దారి ఖాళీ అని ఎవరికీ తెలియదు, నీకూ ఈ పెట్టెకూ తప్ప. మరి ఆ దొంగకెలా తెలిసింది?"

అతను వెళ్ళిపోయాక గవరయ్య కోడ్ తెరిచాడు. ఈసారి నిజంగానే చదివాడు. ఎక్కువసేపు పట్టలేదు, నూరో వరుస దగ్గరే, అతనికి కూడా అర్థమయ్యేంత తేటగా ఉంది: పట్టీని రోజూ జంబన్న బొరియకు పంపమని. దాని పక్కనే జంబన్న తన తమ్ముడికి రాసుకున్న మాట: 'దీన్ని దాచాల్సిన పని లేదు. గవరయ్య చదవడు.'

ఆ రెండు వరుసలూ చెరిపేస్తే ఎవరికీ తెలియదు. వేలు మీట దాకా పోయింది కూడా. కిటికీలోంచి చూస్తే పోలయ్య తన పిల్లల్ని వెంటబెట్టుకుని తలొంచుకుని వాగు వైపు నడుస్తున్నాడు.

గవరయ్య ఒక్క గెంతు గెంతి అతని దారికి అడ్డం పడ్డాడు. చెయ్యి పట్టుకుని సభకు లాక్కొచ్చాడు. జంబన్న అక్కడ లేడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుందామని ప్రాణం పీకుతున్నా, ఆ రెండు వరుసలూ పైకి చెప్పాడు. "గవరయ్య చదవడు. నిజమే. నేను చదవలేదు. చదివినా నాకు అర్థం కాదు. పోలయ్య తప్పేమీ లేదు."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. బుడ్డమ్మ మాత్రం, "చదివానన్నావు కదయ్యా" అంది, అంతే.

తాబేలు తాతే నోరు విప్పాడు. "ఆ వరుస చెరపకు నాయనా. రేపు ఉత్తరపు దారి ఖాళీ అని రాయి."

మర్నాడు తెల్లవారగానే జంబన్న లొట్టలేసుకుంటూ ఉత్తరపు దారిన వచ్చాడు. పొద వెనక పోలయ్య వీపు తిప్పుకుని నిలబడి ఉన్నాడు. జంబన్న గెంతిన గెంతుకు మూతి నిండా ముళ్ళు దిగాయి. "పట్టీలో ఎవరూ లేరని ఉందే!" అని ఏడుస్తూ తన నోటితోనే నేరం ఒప్పుకుని, తమ్ముడితో సహా కోన దాటి పారిపోయాడు.

కంప్యూటర్లో నాపరాయి పెట్టారు. ఇప్పుడు గవరయ్య రోజూ తాబేలు తాత పక్కన కూర్చుని మొదటి వరుస నుంచి చదువుతున్నాడు. "ఇది నాకు అర్థం కాలేదు తాతా" అని పదిమంది వినేలా అడుగుతున్నాడు. బుడ్డమ్మ ఆ గుడిసె ముందు నుంచి వెళ్ళినప్పుడు మాత్రం అతను ఇప్పటికీ తల ఎత్తలేడు.

తెలియదంటే ఒక్కడికే సిగ్గు. తెలుసునని బుకాయిస్తే ఊరంతటికీ చేటు.