మసేనమ్మ నీళ్ళు

సముద్రం ఇంకా ఇంత దగ్గరికి రాని రోజుల్లో, ఇసుక దిబ్బల వెనక ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో వలలు బాగుచేసి బతికే మసేనమ్మ ఉండేది. ఆవిడకు కొర్లమ్మ ఒక్కతే కూతురు.

ఏడాదికోసారి ఓడ వచ్చేది. తేయాకు కోతకని ఆడవాళ్ళను సముద్రం అవతలి కొండలకు తీసుకుపోయేది. ఓడెక్కే పిల్లకు తల్లి కొత్త చీర పెట్టాలి, అది అక్కడి ఆనవాయితీ. చీర ఎంత పల్చనైతే అంత గొప్ప. రవిక అన్న మాటే ఆ పల్లెలో లేదు. ఆ ఉక్కకు అదే సుఖం.

కొర్లమ్మ వంతు వచ్చింది. మసేనమ్మ ఊరందరికంటే పల్చటి చీర తెచ్చి, తన చేత్తో కట్టి పంపింది. అందరూ మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు ఓడ వచ్చింది. కొర్లమ్మ దిగలేదు.

కూడా వెళ్ళినవాళ్ళు చెప్పారు. ఆ కొండల మీద రోజూ వాన, ఎముకలు కొరికే చలి. సాయంత్రం పాకలో ఒకటే మంట వేస్తారు. చుట్టూ మగవాళ్ళు ఉంటారు. తడిసిన చీర ఒంటికి అంటుకుపోయి, కొర్లమ్మ ఆ వెలుగులోకి రాలేకపోయింది. చూరు కింద ముడుచుకుని కూర్చునేది. పిలిస్తే, చీర ఆరాక వస్తాననేది. ఒకనాడు తెల్లారేసరికి చలికి బిగుసుకుపోయి ఉంది.

"మేం సిగ్గు చంపుకున్నాం వదినా," అంది వాళ్ళలో పెద్దావిడ. "పసిది, దానికి చేతకాలేదు."

మసేనమ్మ ఏడవలేదు. ముతక గుడ్డ తెచ్చింది. వలలు కుట్టే చేత్తోనే రవికలు కుట్టింది. మెడ దాకా, మణికట్టు దాకా, రెండు మడతలేసి.

ఆ తర్వాత మొదటి ఓడ వచ్చింది. మసేనమ్మ రవికల మూట పట్టుకుని ఒడ్డున నిలబడింది. ఎవరూ తీసుకోలేదు.

"ఏటి మసేనూ, మనకీ దొరసాని వేషాలా?" అని నవ్వారు.

రెండో ఓడ వచ్చింది. మూట పట్టుకుని ఒడ్డున నిలబడింది. జాలిపడి ఒకావిడ ఒకటి తీసుకుంది. చచ్చినదాని పేరు మీద కుట్టిన గుడ్డ ఉంటే ఓడ మునుగుతుందని పక్కవాళ్ళు భయపెట్టారు. ఆవిడ దాన్ని నీళ్ళలో పారేసింది. మసేనమ్మ నడుం లోతు దిగి తెచ్చుకుని, పిండి ఆరేసుకుంది.

మూడో ఓడ వచ్చింది. మూట పట్టుకుని ఒడ్డున నిలబడింది. దాలమ్మ అనే పిల్ల, కొర్లమ్మ ఈడుది, ఎక్కబోతూ ఆగింది.

"ఈ ఉక్కలో ఇదెందుకత్తా?"

మసేనమ్మ చెంబుతో నీళ్ళు ముంచి ఆ పిల్ల భుజం మీద పోసింది. పల్చటి చీర ఒంటికి అతుక్కుపోయింది. ఓడవాళ్ళు అటే చూశారు. దాలమ్మ రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకుంది.

"ఇలా మంట దగ్గరికి వెళ్తావా?"

పిల్ల తల వంచుకుంది. మసేనమ్మ ఆ పిల్లకు రవిక తొడిగి, ముళ్ళు బిగించి, ఇంకో చెంబు పోసింది. గుడ్డ అంటుకోలేదు.

"ఇప్పుడు?"

"వెళ్తానత్తా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపారు. మూట ఖాళీ అయింది.

ఏడాది తిరిగింది. వెళ్ళినవాళ్ళంతా దిగారు, దాలమ్మతో సహా. అత్తా అత్తా అని పిలుస్తూ తిన్నగా మసేనమ్మ గుడిసెకు పోయారు. పలికే మనిషి లేదు. ఆ వానాకాలమే జ్వరంతో పోయింది. ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో, ఆవిడకు తెలియనే లేదు.

ఇప్పటికీ ఆ తీరాన ఆడపిల్ల పరాయి దేశం పోతుంటే, ముందు అక్కడి ఎండా వానా అడుగుతారు. ఎండ దేశమైతే వదులు నూలుబట్ట, చలి దేశమైతే మందపాటిది. ఆ బట్టలతో గుమ్మంలో నిలబెట్టి, భుజం మీద చెంబెడు నీళ్ళు పోస్తారు. వాటిని మసేనమ్మ నీళ్ళంటారు. ఒంటికి అంటుకుంటే, బండి వెళ్ళిపోతున్నా సరే, లోపలికి పంపి మార్పిస్తారు. అంటుకోకపోతే తల్లి ఒక్క మాటే అంటుంది.

"మంట దగ్గర కూర్చో, తల్లీ."

ఈ కాలంలో మంటలెక్కడివమ్మా అని పిల్లలు నవ్వుతారు. తల్లి నవ్వదు.